మరియతల్లి దిగని ఇల్లు

సాన్ రోకె
6 జులై 1992

సోలీ,

ముద్దుల చెల్లీ అని మొదలుపెడదామనుకున్నాను. నాలుగు నెలలుగా ఒక్క ముక్క రాయనిదానికి ముద్దులు కూడానా అని ఊరుకున్నాను. మనీలా వెళ్ళినవాళ్ళకు చేతులు పడిపోతాయా?

ఇక్కడ వాన. ఇంటికప్పు కారుతోంది. మీ బావ తురింగ్ రేపెక్కుతా, ఎల్లుండెక్కుతా అంటాడు. రోజుకు నలభై కొబ్బరిచెట్లెక్కే మనిషికి సొంత కప్పెక్కాలంటే నడుం నొప్పి. కోసిన కొబ్బరి ఎండక బూజు పడుతోంది. రొవేనాకి పదిహేడు నిండాయి. వంటా, ఉతుకుడూ, తమ్ముళ్ళ ముక్కులు తుడవడం అన్నీ దానివే. నేను జపమాల గుంపు వెంట తిరుగుతాను కదా, "ఈ ఇంటికి అమ్మవి నువ్వా నేనా" అంటుంది. నోరు అచ్చం నీదే. నాకు తలనొప్పులు తగ్గలేదు. చిన్నవాడి కాన్పులో ఫిట్స్ వచ్చిన దగ్గర్నుంచీ ఇంతే. ఇంకో కాన్పంటే ముందు శవపెట్టె చేయించుకో అని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది, నీకు తెలుసుగా.

అసలు పని ఇది. మా మరియతల్లి పైవస్త్రం ఎలుకలు కొట్టేశాయి. అక్టోబరు పండగలోపు నీలిపట్టుది ఒకటి కుట్టి పంపు. మూరెడు స్వరూపం. ఒక పిల్ల రెండు చేతుల్లో పట్టుకుని నడిచేంత. ఊరందరి దేవుళ్ళకీ బట్టలు కుడతావు, సొంత ఊరి తల్లికి కుట్టవా?

తల్లి వారానికో ఇంట్లో దిగుతుంది. ఏ వారం ఎవరిల్లో నిర్ణయించేది పదిహేనేళ్ళుగా నేనే. సాయంత్రం ఆడవాళ్ళమంతా ఆ ఇంట్లో చేరతాం. ప్రతి జపంలో తల్లికి వందనం చెప్పే మొదటి సగం నాయకురాలిగా నాది. పాపులమైన మాకోసం వేడుకోమనే రెండో సగం మిగతావాళ్ళది. మా ఇంటి తర్వాత వరస ప్రకారం ఇస్కా ఇల్లు. దాన్ని దాటించి టీచరు ఫెలిసా ఇంటికి తీసుకుపోతాం. మూడేళ్ళ కిందట రక్తం కారుతూ టౌను ఆసుపత్రికి పోయింది చూడు, ఆ ఇస్కా. అది మంచం దిగకముందే కడుపు తీయించుకుందని ఊరంతా తెలిసిపోయింది. మా ఇంట్లో జపమాల జరుగుతుంటే వెదురు కంచె అవతల నిలబడి మా వాళ్ళందరికంటే గట్టిగా జవాబు చెబుతుంది. సిగ్గు లేని మనిషి.

ఇంకో మాట. మీ చర్చి మెట్ల దగ్గర, కొవ్వొత్తుల పక్కనే, ఆగిన నెలసరి తెప్పించే కషాయం సీసాల్లో అమ్ముతారట. నాకు తెలిసిన ఒక మనిషికి కావాలి. రెండు నెలలు దాటింది. ఈ బిడ్డను కంటే ఆ మనిషి బతకదు. ఎవరని అడక్కు. చదివి చింపెయ్.

నీ అక్క,
బెనిల్డా


మనీలా
19 జులై 1992

సాన్ రోకె మహారాణి, జపమాల గుంపు నాయకురాలు, మా బెనిల్డా అక్కకు,

వంగి వంగి దండం. చేతులు పడిపోలేదు, పని పడింది. ఒక గొప్పింటావిడ తన సాన్ హోసే స్వరూపానికి, అదే మరియతల్లి భర్తకు, ముత్యాల అంచు కావాలంది. వడ్రంగి మనిషికి ముత్యాలేమిటమ్మా అన్నాను. కోపం వచ్చింది. ఇప్పుడు కుడుతున్నాను, ఒక్కో ముత్యానికీ ఒక్కో తిట్టు. నా గది నిండా దేవదూతలూ పునీతులే. అందరూ చెక్కవాళ్ళు కాబట్టి అన్నం అడగరు, ఎదురు చెప్పరు. నీ అయిదుగురికంటే నయం.

తల్లి వస్త్రం కుడతాను. లోపల తెల్లటి లైనింగ్ వేస్తాను.

ఆ రెండో సంగతి. ఎవరని అడక్కన్నావు, అడగను. నాకు తెలిసిపోయింది. ఆ మనిషిని తిట్టకు, కొట్టకు. వయసు అలాంటిది. ఆ వయసులో బుద్ధి ఒక దారి, ఒళ్ళు ఒక దారి.

కషాయం మాత్రం పంపను. నా పక్క గదిలో ఒకమ్మాయి అది తాగింది. ఆసుపత్రిలో మంచం పక్కన పోలీసు కూర్చున్నాడు. కోలుకుందని సంతోషించాలో, కోలుకున్నాక ఎక్కడికి తీసుకుపోయారో చూసి ఏడవాలో తెలియలేదు. నువ్వు ఆ మనిషిని నా దగ్గరికి పంపు. ఇక్కడ ఎవరికీ ఎవరూ తెలియదు. కని నా చేతిలో పెట్టి వెళ్ళిపోవచ్చు. నాకెలాగూ పిల్లలు లేరు, పెంచుకుంటాను. ఊళ్ళో అడిగితే కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్ళిందని చెప్పు.

బావ కప్పెక్కాడా?

నీ
సోలీ


సాన్ రోకె
3 ఆగస్టు 1992

సోలీ,

నీ ఉత్తరం అందింది. వయసు అలాంటిదన్నావు. బాగుంది, నవ్వుకో. ఆ మాట చదివి ఆ మనిషి ఎంత కుంగిపోయిందో నీకేం తెలుసు? కుట్టుపని నేర్చుకునే వయసా? ఊరంతా పడి నవ్వరూ?

ఆ మనిషి ఊరొదిలితే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా కని నీ చేతిలో పెట్టాలంటే ముందు కనాలి కదా. అదే కుదరదని రాశాను. నీకు పిల్లలు లేని లోటు తీర్చుకోవడానికి ఇంకో దారి చూసుకో.

ముందే జాగ్రత్తపడొచ్చు కదా అని నీ మనసులో ఉండే ఉంటుంది. ఎలా పడాలి? హెల్త్ సెంటరులో మాత్రలిచ్చేది కార్మెలా. సాయంత్రమయ్యేసరికి అదే కార్మెలా జపమాల పట్టుకుని నా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటుంది. ఆ మాత్రలు వాడేవాళ్ళు సగం హంతకులని ఫాదరు ఆదివారం చెబుతుంటే అందరికంటే ముందు తలూపింది నేను. నేను ఊపిన తల అది. ఇప్పుడు ఆమె దగ్గరికెళ్ళి చెయ్యి చాపమంటావా?

మొన్న తల్లిని వడ్రంగి ఇంటి నుంచి మా ఇంటి పక్క వీధిలోకి తెచ్చాం. ఇస్కా వాకిలి ఊడ్చుకుని, దారి మీద నీళ్ళు చల్లి, తల వంచుకుని నిలబడింది. ఎప్పుడూ అంతే. తల్లి తన ఇంట్లో దిగదని తెలిసీ వాకిలి ఊడుస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది. దాని పేరు వరసలోంచి తీసేయమని ఫాదరు చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. నేనే తీశాను. తీసినప్పుడు ఎంత గొప్పగా అనిపించిందో ఇప్పుడు గుర్తొస్తోంది.

సీసా పంపు. తల్లి వస్త్రంలో చుట్టి పంపితే ఎవరూ విప్పి చూడరు. నిన్ను ఇంతవరకూ ఏదీ అడగలేదు.

బెనిల్డా


మనీలా
20 ఆగస్టు 1992

అక్కా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు మిషన్ తొక్కలేకపోయాను. ఎవరి మీద కోపమో తెలియని కోపం. నీకు ఊరు నవ్వుతుందని బాధ, ఇంట్లో పొయ్యి వెలగదని బాధ. ఆ మనిషి మనసులో ఏముందో ఒక్క ముక్క రాయలేదు నువ్వు. జపమాల గుంపు వెంట తిరగడం తగ్గించి ఇంట్లో నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉంటే ఇంత దూరం వచ్చేదా? చెల్లెలిగా ఈ మాట అనకూడదు. అన్నాను.

అయినా ఓడిపోయాను. కొండ పక్క ఎవరో కడుపు తోమి పోగొట్టే ముసలమ్మ ఉందని చిన్నప్పుడు వినేదాన్ని. నేను పంపకపోతే ఆవిడ చేతుల్లో పడేస్తావని భయం. వస్త్రం కుట్టేశాను. నీలిపట్టు, వెండి జరీ అంచు, తెల్లటి లైనింగ్. సీసా అందులో చుట్టాను. మరియతల్లి బట్టలో ఏం చుట్టానో తలుచుకుంటే సూది పట్టుకోబుద్ధి కావడం లేదు. మీ ఊరి బస్సు కండక్టరుకి ఇచ్చాను. శనివారం చేరుతుంది.

మూటలోనే రొవేనాకు విడిగా ఒక చీటీ పెట్టాను. "భయపడకమ్మా, పిన్నికి అంతా తెలుసు. తప్పు ఎవరైనా చేస్తారు. ఎవరేమన్నా నా తలుపు నీకోసం తెరిచే ఉంటుంది" అని రాశాను. నువ్వు ఎలాగూ అలాంటి మాట అనవు. నేనైనా అనాలి కదా.

సోలీ


సాన్ రోకె
2 సెప్టెంబరు 1992

సోలీ,

అది రొవేనా కాదు. నేను.

నలభై ఒక్కేళ్ళ మీ అక్క. జపమాల గుంపు నాయకురాలు. ఇప్పుడు అర్థమైందా? ఆ పిల్ల ఒక మగపిల్లాడి చెయ్యి కూడా పట్టుకుని ఎరగదు.

నీకు నేరుగా రాయలేకపోయాను. ఈ వయసులో ఇంకా మొగుడి పక్కన పడుకుంటోందని నవ్వుతావనుకున్నాను. నా కడుపు గురించి నేను చెప్పుకోలేక "ఒక మనిషి" అని రాశాను. డాక్టరమ్మ మాట కూడా రాశాను కదా, నీకు తట్టలేదా? తట్టదు. అక్కంటే నీకు చర్చిలో బల్లలాంటిది, దానికి ఒళ్ళెక్కడిది.

శనివారం మూట బస్సు దగ్గర రొవేనాయే తెచ్చింది. దారిలో సీసా మూత వదులై సగం ఒలికి లైనింగ్ గోధుమరంగు అయింది. మూట విప్పింది మీ బావ. చీటీ చదివింది మీ బావ. చదివి, కాలి చెప్పు తీసి రొవేనా మీదికి విసిరాడు. అది రొవేనా చెప్పే, తొడుక్కుని పెరట్లోకి పోయి వచ్చి ఉన్నాడు. బద్దీ తెగింది. ఎవడు వాడు చెప్పమని అరిచాడు. పిల్ల నా వైపు చూసింది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను. నోరు తెరిచి, అది కాదు నేను అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? చెప్పలేదు. ఆ సాయంత్రం జపమాల కూడా నడిపించాను.

మర్నాడు బట్టలు ఉతుకుతూ రొవేనా అంది, "అమ్మా, ఈ ఇంట్లో బట్టలన్నీ ఉతికేది నేనే. నాలుగు నెలలుగా నీ గుడ్డలు ఉతకలేదు." అంతే. మళ్ళీ సబ్బు రుద్దుకుంది. దానికి ముందే తెలుసు. తెలిసీ వాళ్ళ నాన్న చేత తిట్లు తింది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేచి లోపలికి వచ్చేశాను. దాని తల మీద చెయ్యి కూడా వేయలేదు.

మీ బావకు ఇంకా చెప్పలేదు. సీసాలో మిగిలింది తాగాను. రోజంతా కక్కడం తప్ప ఇంకేం కాలేదు. కళ్ళ ముందు మెరుపులు వస్తున్నాయి, చిన్నవాడప్పుడు వచ్చినట్టే. నాకు చావాలని లేదు సోలీ. పెద్దది పెళ్ళీడుది, చిన్నవాడికి నాలుగేళ్ళు. వీళ్ళనొదిలి పోవాలని లేదు.

మళ్ళీ ఏం రాయకు.

బెనిల్డా


మనీలా
9 సెప్టెంబరు 1992

అక్కా,

రాయకన్నా రాస్తున్నాను. పళ్ళు కొరుక్కుంటూ చదువు.

నన్ను చెప్పుతో కొట్టు. కన్నబిడ్డలా చూడాల్సిన పిల్ల మీద అనుమానపడ్డాను, దయ చూపిస్తున్నాననుకుని మరీ పడ్డాను. రొవేనాకి ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. నీ గురించి తట్టలేదన్నది నిజం. అమ్మ పోయాక నువ్వే అమ్మవి. నీకు ఇలాంటిది వస్తుందని ఊహకే రాలేదు.

నిన్న మిషన్ కట్టేసి ఇక్కడ పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బల్ల మీద బాల యేసు, ఆయన అంగీ నేను కుట్టిందే, అందుకు లోపలికి రానిచ్చింది. మా అక్కకు ఫిట్స్ వచ్చాయి, కంటే చచ్చిపోతుందన్నారు, ఏదైనా చేస్తారా అని అడిగాను. తలుపు వేసి వచ్చి, "చట్టం ఒప్పుకోదమ్మా, నా లైసెన్సు పోతుంది, జైలు కూడా. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తీసుకురా, అప్పుడు చూద్దాం" అంది. ప్రాణం మీదికి రావడమంటే ఎంతవరకు రావాలి అని అడిగాను. మంచిదే పాపం. ఆ బాల యేసుకి కొత్త అంగీ ఒకటి కుట్టిపెట్టమంది.

అక్కా, కొండ పక్క ముసలమ్మ దగ్గరికి మాత్రం వెళ్ళకు. నేను వస్తున్నాను. తుపాను తగ్గి బస్సులు తిరగ్గానే బయలుదేరతాను. ఇద్దరం కలిసి ఏదో ఒకటి ఆలోచిద్దాం. అంతవరకూ ఏమీ చేయకు.

సోలీ


సాన్ రోకె
27 సెప్టెంబరు 1992

సోలీ,

నీ తొమ్మిదో తారీకు ఉత్తరం తుపానులో చిక్కుకుని నిన్న చేరింది. వంతెన తెగి బస్సులు ఇంకా రావడం లేదు. నువ్వు బయలుదేరకు. అయిపోయింది. బతికే ఉన్నాను.

ముసలమ్మ దగ్గరికి వెళ్ళాను. అక్కడ జరిగింది రాయను. తిరిగి వచ్చేసరికి మా ఇంట్లో తల్లి దిగి ఉంది, మా వారం. సాయంత్రం జపమాల మానేస్తే ఎందుకని అడుగుతారు. గుడ్డలు మడిచి వేసుకుని నల్ల పావడా కట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. మొదటి సగం నేను చెబుతున్నాను, రెండో సగం వాళ్ళు చెబుతున్నారు. ఒళ్ళు చల్లబడుతోంది. కార్మెలా నా పక్కనే ఉంది. టీచరు ఫెలిసా ఎదురుగా ఉంది. కళ్ళు మూసుకున్న నన్ను చూసి భక్తి అనుకున్నారట. కంచె అవతల ఇస్కా జవాబు చెబుతూ చెబుతూ ఆగిపోయింది. కిటికీలోంచి నా కుర్చీ కింద నేల చూసింది.

పదిహేనేళ్ళలో ఎవరూ పిలవకుండా మా గడప తొక్కిన మనిషి అదొక్కటే. "నాయకురాలికి బీపీ పడిపోయింది, లేవండి, గాలి రానివ్వండి" అని అందరినీ తరిమేసింది. తన దుప్పటి నా చుట్టూ చుట్టింది. రొవేనా, అదీ కలిసి నన్ను మోటారు రిక్షాలో కుక్కారు. దారిలో నా చెవిలో అంది, "బావి దగ్గర జారిపడ్డానని చెప్పండి. వాళ్ళు అడక్కముందే చెప్పండి. ఇంకేం చెప్పకండి." నీకు ఎలా తెలుసని అడిగాను. "నేను నిజంగానే జారిపడ్డానమ్మా. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు నిలిచిన కడుపు. అడిగాక చెప్పాను కాబట్టి నమ్మలేదు. మీరు ముందే చెబితే నమ్ముతారు. మీరు నాయకురాలు" అంది. సోలీ, అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

ఆసుపత్రిలో నర్సు మొదట గదమాయించింది, "ఏం మింగావు, ఎవరి దగ్గరికెళ్ళావు" అని. జారిపడ్డానన్నాను. ఇస్కా నా మెడలో మరియతల్లి పతకం బయటికి లాగి, "మా జపమాల నాయకురాలండీ" అంది. అంతే, నర్సు గొంతు మారిపోయింది. అమ్మా అంది. దుప్పటి కప్పింది. పాపం ఈ వయసులో బిడ్డ పోయిందని జాలిపడింది. పక్క మంచం మీద ఒక పిల్ల, మన రొవేనా అంత ఉంటుంది, దానిదీ నాలాంటి పనే. దానికి నొప్పి తెలియకుండా మందు కూడా ఇవ్వలేదు. "ఆ పని చేసుకున్నప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు" అని వార్డంతా వినేలా అన్నారు. ఆ పిల్ల నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు నర్సు నా దగ్గరికి వచ్చి, "మీరైనా నాలుగు మంచి మాటలు చెప్పండమ్మా దానికి, పెద్దవారు" అంది. నేను చెప్పాను సోలీ. పక్కకు తిరిగి, దేవుణ్ణి క్షమాపణ అడుగమ్మా, మళ్ళీ ఇలాంటి పని చేయకు అన్నాను. ఆ పిల్ల సరేనమ్మా అంది. ఇస్కా నా మంచం చివర కూర్చుని ఉంది. నాకు నీళ్ళు పట్టింది.

నా ఒంటికి పట్టిన సిగ్గు ఇదీ. చేసిన పనికి కాదు, అది చేయకపోతే ఈపాటికి నాకు కొవ్వొత్తులు వెలిగించేవారు. ఆ పిల్లకు చెప్పిన నాలుగు మాటలకు.

మీ బావకు ఆసుపత్రి వరండాలో రొవేనాయే చెప్పింది. అప్పటినుంచీ దాని మొహం చూడలేకపోతున్నాడు. నిన్న పొద్దున కప్పెక్కాడు.

నీ అక్క


మనీలా
5 అక్టోబరు 1992

అక్కా,

చదివి ఏడ్చాను. తర్వాత రొవేనాకు ఉత్తరం రాశాను, ఇందులోనే ఉంది. ఈసారి మూటలో పెట్టలేదు, బావ చేత చదివించకు. క్షమించమని మాత్రమే రాశాను, నీతులేమీ లేవు.

తల్లి వస్త్రం తిప్పి పంపు. ఆ మరకున్న లైనింగ్ తీసి కొత్తది వేసి పంపుతాను. పండగకి అలాంటిది కడితే నీకు మనసొప్పదు.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. తల్లి ఇంకా మీ ఇంట్లోనే ఉండి ఉంటుంది, నువ్వు లేచేదాకా కదల్చరు కదా. మీ తర్వాత వరసలో ఇల్లు ఎవరిదో నాకు గుర్తుంది. ఈసారి ఎక్కడికి తీసుకెళ్తావు?

సోలీ


సాన్ రోకె
19 అక్టోబరు 1992

సోలీ,

నీ ప్రశ్నకు నీకంటే ముందే నేను జవాబు వెతుక్కున్నాను. ఒంట్లో కాస్త సత్తువ రాగానే ఇస్కా ఇంటికి వెళ్ళాను. మూడేళ్ళలో మొదటిసారి. బియ్యప్పిండి రొట్టెలు కాలుస్తోంది. పీట వేసింది. ఆదివారం తల్లిని నీ ఇంట్లో దింపుతాను ఇస్కా, అన్నాను. ఎంత గొప్పగా అన్నానో. అది ఏడుస్తుందనుకున్నాను, చేతులు పట్టుకుంటుందనుకున్నాను.

రొట్టె తిరగేసింది. "ఇప్పుడొద్దమ్మా" అంది. "మూడేళ్ళు దాటించి, మీరు ఆసుపత్రి నుంచి రాగానే దింపితే, ఏమైంది వీళ్ళిద్దరికీ అని అడుగుతారు. కార్మెలా మామూలుది కాదు, లెక్క కట్టేస్తుంది. మీ మీద మాట రానివ్వకండి. అలవాటైన దారినే పోనివ్వండి. నాకు కంచె దగ్గర బాగానే వినపడుతుంది." ఒక రొట్టె ఆకులో పెట్టి ఇచ్చింది.

ఆ మాట వినగానే నాకు ఏమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. కాదు, తీసుకొస్తాను అని ఒక్కసారైనా బలవంతపెట్టాలి కదా. పెట్టలేదు. రొట్టె తింటూ ఇంటికి వచ్చాను. దారిలోనే అది మళ్ళీ మనసు మార్చుకుంటుందేమోనని భయపడ్డాను కూడా. నీకు తప్ప ఇది ఎవరికీ చెప్పలేను.

నిన్న ఆదివారం. ఆడవాళ్ళంతా కొవ్వొత్తులు పట్టుకుని వచ్చారు. తల్లికి నువ్వు కుట్టిన వస్త్రమే కట్టాను. పైన నీలిపట్టు, వెండి జరీ, చూసినవాళ్ళంతా మనీలా పనితనం అన్నారు. మరక లోపలుంది. నాకూ రొవేనాకూ తప్ప ఎవరికీ తెలియదు. రొవేనా తల్లిని రెండు చేతుల్లో ఎత్తుకుంది. దాని కాళ్ళకు కొత్త బద్దీ వేసిన పాత చెప్పులు. ఎప్పుడు బాగుచేశాడో మీ బావ, చెప్పకుండా గడప దగ్గర పెట్టి పోయాడు.

పెళ్ళికాని పిల్ల స్వరూపాన్ని ఎత్తుకుని ముందు నడుస్తుంది, వెనక మేము. తల్లి ఎటు తిరిగితే గుంపు అటు తిరగాలి. ఇస్కా వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. అది గుమ్మం పక్కన తల వంచుకుని నిలబడింది. నేను ఎప్పటిలాగే ముందుకు చూస్తూ, టీచరు ఫెలిసా ఇంటి వైపు నడుస్తూ జపం అందుకున్నాను. రొవేనా ఆగలేదు, నా వైపు చూడలేదు. తల్లితో సహా ఇస్కా ఇంటి వాకిట్లోకి మళ్ళింది. లోపలికి నడిచిపోయింది.

ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. కార్మెలా నా మొహం చూసింది. టీచరు ఫెలిసా నా మొహం చూసింది. కానీ తల్లి లోపలికి వెళ్ళిపోయింది కదా, బయట ఎలా నిలబడతారు? ఒక్కొక్కరే చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. చివరికి రోడ్డు మీద కొవ్వొత్తి పట్టుకుని నేనొక్కదాన్నే మిగిలాను. ఇస్కా గుమ్మంలోకి వచ్చి, "లోపలికి రండమ్మా, నాయకురాలు లేకుండా ఎవరు మొదలుపెడతారు" అంది. పిలుస్తూనే రోడ్డుకు అటూ ఇటూ చూసింది. భయంతోనే, నాకు మాట వస్తుందని.

లోపల చిన్న బల్ల. దాని మీద ఇస్త్రీ చేసిన తెల్లటి గుడ్డ, రెండు కొవ్వొత్తులు, గ్లాసులో మందారాలు. నాతో వద్దన్న మనిషి బల్ల సర్ది పెట్టి ఉంది. తర్వాత రొవేనా అడిగితే చెప్పిందట, తల్లి ఈ దారిన వచ్చిన ప్రతిసారీ ఇలాగే సర్దుతుందట, మేము దాటిపోయాక తీసేస్తుందట. మూడేళ్ళు.

నేను ముందు మోకరించాను. మొదటి సగం నేను చెప్పాలి. గొంతు రాలేదు. అందరూ ఎదురుచూశారు. దగ్గాను, మళ్ళీ నోరు తెరిచాను, రాలేదు. అప్పుడు నా వెనక నుంచి ఇస్కా అందుకుంది. కంచె అవతల నిలబడి నా సగం కూడా అంతా నేర్చుకుంది. తడుముకోకుండా చెప్పింది. తల్లికి వందనం చెప్పి ఆగింది, జవాబు కోసం.

పదిహేనేళ్ళలో నేను రెండో సగం చెప్పింది లేదు. పాపులమైన మాకోసం వేడుకోమనే సగం ఎప్పుడూ వాళ్ళదే. నిన్న వాళ్ళతో కలిసి చెప్పాను. రొవేనా పక్కన మోకరించి, దాని భుజం తగిలేలా, చివరిదాకా చెప్పాను.

లైనింగ్ మార్చనవసరం లేదు. అలాగే ఉండనీ. బస్సులు తిరుగుతున్నాయి, వీలైతే ఒకసారి రా. రొవేనా నీకు ఉత్తరం రాయనంది, నువ్వు ఎదురుగా వస్తే మాట్లాడతానంది. ఇస్కా ఇంట్లో ఇంకా ఆరు సాయంత్రాలున్నాయి.

నీ అక్క,
బెనిల్డా